గంటసేపు నిలిచిన జ్ఞాపకం

హాస్టల్‌లో ఎవరి లాప్‌టాప్ నత్తనడక నడుస్తున్నా అందరూ చెప్పే వైద్యం ఒక్కటే, ఎస్‌ఎస్‌డీ వేయించుకోమని. ఆ తర్వాత అసలు గొడవ మొదలవుతుంది. ఏ కంపెనీది? 500 జీబీ చాలా, 1 టీబీ కావాలా? టీఎల్‌సీనా, క్యూఎల్‌సీనా? మెస్‌లో మొదలైన చర్చ రాత్రి పదకొండింటికి టెర్రస్ మీదికి ఎక్కుతుంది. కంపెనీల పేర్లు పది వినిపిస్తాయి గానీ, ఆ డ్రైవ్ లోపలి సెల్‌ని మొదట తయారు చేసి చూపించిన మనిషి పేరు ఒక్కరి నోటా రాదు.

ఆయన పేరు డావన్ కాంగ్. ఈసీఈ వాళ్లం మాస్‌ఫెట్ గురించి సెమిస్టర్ అంతా చదువుతాం. పుస్తకంలో బొమ్మ ఉంటుంది, సమీకరణం ఉంటుంది, మనిషి మాత్రం ఉండడు. అందుకే ఈ సంచికకి ఆయన జీవితం రాద్దామనుకున్నాను. ఇది చదివితే ఎస్‌ఎస్‌డీ ఎలా కొనాలో, ఎలా పెట్టుకోవాలో కూడా తెలుస్తుంది. నా దృష్టిలో ఈ రెండూ వేరువేరు విషయాలు కావు.

కాంగ్ 1931 మే 4న సియోల్‌లో పుట్టారు. అప్పటికి కొరియా జపాన్ పాలనలో ఉంది. ఊరి పేరు కూడా జపాన్ వాళ్లు పెట్టిందే, కెయిజో. ఆయనకి 14 ఏళ్లప్పుడు జపాన్ ఓడిపోయి వెళ్లిపోయింది, దేశం రెండు ముక్కలైంది. 19 ఏళ్లప్పుడు యుద్ధం వచ్చింది. 1950 జూన్ నుంచి 1951 మార్చి లోపు సియోల్ నగరం నాలుగుసార్లు చేతులు మారింది. మనం బీటెక్ మొదటి రెండేళ్లు గడిపే వయసులో ఆయన చూసింది అదీ. అలాంటి చోట సియోల్ నేషనల్ యూనివర్సిటీలో భౌతికశాస్త్రం చదివి, 1955లో అమెరికా వెళ్లారు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరి, 1959కల్లా ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. అదే ఏడాది న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో ఉద్యోగం.

బెల్ ల్యాబ్స్ అంటే అప్పట్లో మామూలు చోటు కాదు. 1947 డిసెంబర్‌లో బార్డీన్, బ్రాటెన్ మొదటి ట్రాన్సిస్టర్ చేసింది అక్కడే. షాక్లీతో కలిపి ఆ ముగ్గురికీ 1956లో నోబెల్ వచ్చింది. అయితే అక్కడ తీరని కోరిక ఒకటి మిగిలిపోయింది. బయటి నుంచి విద్యుత్ క్షేత్రం పెట్టి సిలికాన్‌లో కరెంటుని నియంత్రించాలన్నది షాక్లీ మొదట్లో పెట్టుకున్న ఆలోచన. అది పని చెయ్యలేదు. సెమీకండక్టర్ ఉపరితలం మీదే ఎలక్ట్రాన్లు చిక్కుకుపోయి, బయటి క్షేత్రాన్ని లోపలికి రానివ్వడం లేదని బార్డీన్ తేల్చారు. కోట గుమ్మంలోనే కాపలావాళ్లు ఆపేస్తున్నారన్నమాట.

ఆ గుమ్మం తెరిచినాయన మొహమ్మద్ అటల్లా, ఈజిప్టు నుంచి వచ్చిన ఇంజినీర్. సిలికాన్‌ని వేడి చేసి దాని మీద శుభ్రమైన ఆక్సైడ్ పొర పెంచితే ఉపరితలం నెమ్మదిస్తుందని ఆయన బృందం చూపించింది. ఆ పొర మీద లోహపు గేట్ పెట్టి, కొత్త రకం ట్రాన్సిస్టర్ చెయ్యాలన్నది తర్వాతి అడుగు. దాన్ని చేసి చూపించే పని కొత్తగా చేరిన కాంగ్ చేతికి వచ్చింది. చేరిన ఏడాదిలోపే పని చేసే మాస్‌ఫెట్ సిద్ధమైంది. 1960లో పిట్స్‌బర్గ్‌లో జరిగిన సదస్సులో ఇద్దరూ దాన్ని ప్రకటించారు. ఒకరు ఈజిప్టు, ఒకరు కొరియా. ఈ రోజు మన ఫోన్లు, లాప్‌టాప్‌లు, సర్వర్లలోని ప్రాసెసర్లన్నీ నిలబడింది వాళ్లు వేసిన పునాది మీదే.

మరి అప్పుడు చప్పట్లు మోగాయా అంటే, లేదు. ఆ మొదటి మాస్‌ఫెట్ అప్పటి బైపోలార్ ట్రాన్సిస్టర్ల కన్నా నెమ్మది. నమ్మకంగా పని చేసే రకమూ కాదు. బెల్ అంటే టెలిఫోన్ కంపెనీ, ఏళ్ల తరబడి చెడిపోని పరికరం వాళ్లకి కావాలి. 1961లో కాంగ్ ఒక అంతర్గత నివేదిక రాసి, ఈ పరికరం తయారీ సులువనీ, ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లకి పనికొస్తుందనీ చెప్పారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు ఆ మాట బెల్‌లో పెద్దగా ఎక్కలేదు. దాన్ని పట్టుకుని ముందుకెళ్లింది ఆర్‌సీఏ, ఫెయిర్‌చైల్డ్ లాంటి బయటి సంస్థలు. 1962లో అటల్లా బెల్ వదిలి వెళ్లిపోయారు. కాంగ్ అక్కడే ఉండిపోయారు.

ఇక్కడి నుంచే కథ మన ఎస్‌ఎస్‌డీ వైపు తిరుగుతుంది. 1963లో బెల్ ల్యాబ్స్‌లో సైమన్ జీ చేరారు. మన లైబ్రరీలో లావుగా కనిపించే ఫిజిక్స్ ఆఫ్ సెమీకండక్టర్ డివైసెస్ పుస్తకం ఆయన రాసిందే. అప్పటి కంప్యూటర్లలో జ్ఞాపకం అంటే మాగ్నెటిక్ కోర్, దారాలకి గుచ్చిన పూసల్లాంటి చిన్న అయస్కాంత ఉంగరాలు. కరెంటు పోయినా మర్చిపోవు గానీ చోటు ఎక్కువ, ఖర్చు ఎక్కువ. సెమీకండక్టర్‌తో చేస్తే చోటు తగ్గుతుంది గానీ కరెంటు పోతే అంతా మర్చిపోతుంది. మరి కరెంటు లేకపోయినా గుర్తుపెట్టుకునే ట్రాన్సిస్టర్ చెయ్యలేమా అన్నది ప్రశ్న. భోజనం దగ్గర పొరలు పొరలుగా ఉన్న చీజ్ కేక్ తింటూ, మధ్యలో ఇంకో పొర పెడితే ఎలా ఉంటుందని ఇద్దరూ ఆలోచించారని సైమన్ జీ తర్వాతి రోజుల్లో చెప్పేవారు.

ఆ ఇంకో పొరే ఫ్లోటింగ్ గేట్. మాస్‌ఫెట్‌లో గేట్‌కీ సిలికాన్‌కీ మధ్య ఆక్సైడ్ ఉంటుంది కదా. ఆ ఇన్సులేటర్ మధ్యలో ఇంకో చిన్న లోహపు పొర పెట్టారు. దానికి ఏ వైరూ తగలదు. చుట్టూ గోడలే తప్ప తలుపు లేని గది అనుకోండి. పై గేట్‌కి గట్టి వోల్టేజ్ ఇస్తే, ఎలక్ట్రాన్లు కింది పల్చటి గోడలోంచి క్వాంటమ్ టన్నెలింగ్ ద్వారా గదిలోకి దూరిపోతాయి. వోల్టేజ్ తీసేస్తే బయటికి రావడానికి కావలసిన తోపు ఉండదు, లోపలే ఉండిపోతాయి. గదిలో ఎలక్ట్రాన్లు ఉంటే ట్రాన్సిస్టర్ ఒక వోల్టేజ్ దగ్గర తెరుచుకుంటుంది, లేకపోతే ఇంకో వోల్టేజ్ దగ్గర. ఆ తేడాయే సున్నా, ఒకటి. లోపలున్నవాళ్లని కదిలించకుండానే లెక్కపెట్టొచ్చు.

1967లో కాంగ్, సైమన్ జీ ఇద్దరి పేర్లతో బెల్ సిస్టమ్ టెక్నికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. వాళ్లు చేసిన పరికరం జ్ఞాపకాన్ని ఎంతసేపు నిలుపుకుందో తెలుసా? గంటకు పైన. అంతే. కరెంటు పోయినా మర్చిపోకూడదని పుట్టిన పరికరం గంట దాటాక మర్చిపోవచ్చు. నాకు ఈ కథలో బాగా నచ్చింది ఇదే. ఆ గంటని దాచిపెట్టకుండా వ్యాసం సారాంశంలోనే రాసి, ఇవి తొలి ఫలితాలేనని చెప్పి ప్రచురించారు. మన ప్రాజెక్ట్ రివ్యూల్లో అవుట్‌పుట్ రాకపోతే స్లైడ్ మార్చేసే మనకి ఇది కొంచెం తగలాల్సిన విషయమే.

ఆ గంటని పెంచే పని తర్వాత చాలామంది చేశారు. 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమాన్ ఈప్రామ్ చేశారు, దాన్ని చెరపాలంటే అతినీలలోహిత కాంతి కింద పెట్టాలి. ఆ తర్వాత విద్యుత్తుతోనే చెరిపే ఈఈప్రామ్ వచ్చింది. తోషిబాలో ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్ మెమరీని, 1987లో నాండ్ ఫ్లాష్‌ని లోకానికి చూపించారు. కెమెరా ఫ్లాష్ వెలిగినట్టు ఒక్కసారిగా పెద్ద భాగం చెరిగిపోతుంది కాబట్టి ఆ పేరు. 2010లలో సెల్స్‌ని అపార్ట్‌మెంట్‌లా అంతస్తులు అంతస్తులుగా కట్టడం మొదలైంది. వీటిలో చాలావాటిలో లోహపు గది బదులు, ఎలక్ట్రాన్లు అతుక్కుపోయే నైట్రైడ్ పొర వాడుతున్నారు. అంటే ఇవాళ మీరు కొనే డ్రైవ్‌లో అచ్చంగా కాంగ్ గది ఉండకపోవచ్చు. గోడ దాటించి, లోపల ఆపి, బయటి నుంచి లెక్కపెట్టే సూత్రం మాత్రం అదే.

ఇప్పుడు టెర్రస్ మీది వాదనకి వద్దాం. టీఎల్‌సీ, క్యూఎల్‌సీ అంటే ఏమిటి? కాంగ్ సెల్‌కి ఒకటే ప్రశ్న, కుండలో నీళ్లున్నాయా లేవా అని. టీఎల్‌సీలో ఒక్కో సెల్‌లో మూడు బిట్లు, అంటే కుండ మీద 8 స్థాయిలు. క్యూఎల్‌సీలో నాలుగు బిట్లు, 16 స్థాయిలు. అదే కుండలో ఎక్కువ సమాచారం పడుతుంది కాబట్టి ధర తగ్గుతుంది. కానీ నీళ్లు కొంచెం ఇగిరినా ఏ గీత దగ్గర ఉన్నాయో తికమక. సరిగ్గా అదే గీత దాకా నింపాలంటే నెమ్మదిగా, చూసుకుంటూ పొయ్యాలి. అందుకే క్యూఎల్‌సీ డ్రైవ్‌లో పెద్ద ఫైళ్లు కాపీ చేస్తుంటే, మొదట రయ్యిన వెళ్లి, కాష్ నిండాక ఒక్కసారిగా చతికిలపడుతుంది. పైగా ఎలక్ట్రాన్లు గోడ దాటిన ప్రతిసారీ గోడ కొంచెం దెబ్బతింటుంది. డబ్బా మీద కనిపించే టీబీడబ్ల్యూ అంకె దీని గురించే, మొత్తం మీద ఎన్ని టెరాబైట్లు రాయొచ్చో కంపెనీ ఇచ్చే హామీ.

దీనికి మనం భయపడాలా? లెక్క వేద్దాం. 1 టీబీ టీఎల్‌సీ డ్రైవ్‌కి 600 టీబీడబ్ల్యూ అన్నది తరచుగా కనిపించే అంకె. రోజుకి 20 జీబీ రాసినా 30,000 రోజులు, అంటే 80 ఏళ్లు పైనే. కోడింగ్, సినిమాలు, రెండు గేములు ఉన్న విద్యార్థికి గోడ అరిగిపోవడం అసలు సమస్యే కాదు. కాబట్టి నా సలహా ఇది. ధరలో తేడా కొద్దిగానే ఉంటే టీఎల్‌సీ తీసుకోండి. బడ్జెట్ బాగా తక్కువైతే, సినిమాలు దాచుకోవడానికే అయితే క్యూఎల్‌సీ అయినా కొంపేం మునగదు.

దానికన్నా ముందు చూడాల్సింది మీ లాప్‌టాప్‌లో ఏ స్లాట్ ఉందో. పాతవాటిలో 2.5 అంగుళాల సాటా బే ఉంటుంది, కొత్తవాటిలో ఎం.2 స్లాట్. ఎం.2 అంటే ఆకారం పేరు మాత్రమే. అందులో కొన్ని సాటా డ్రైవ్‌నే తీసుకుంటాయి, కొన్ని ఎన్‌వీఎంఈనే, కొన్ని రెండింటినీ. మోడల్ నంబర్‌తో సర్వీస్ మాన్యువల్ వెతికి చూసుకున్నాకే డబ్బు కట్టండి. వేగం అంకెలు చూసి మోసపోకండి. సాటా డ్రైవ్ సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, ఎన్‌వీఎంఈ జెన్ 3 దాదాపు 3,500 ఎంబీ, జెన్ 4 దాదాపు 7,000 దాకా. నిజమే. అయితే 5,400 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్‌లో పళ్లెం ఒక్క చుట్టు తిరగడానికే 11 మిల్లీసెకన్లు పడుతుంది. ఫ్లాష్‌లో తిరిగేదే లేదు. మీ పాత లాప్‌టాప్‌కి ప్రాణం పోసేది ఆ తేడాయే, అది సాటా ఎస్‌ఎస్‌డీతోనే వచ్చేస్తుంది.

బిగించడం పావుగంట పని. ముందు పాత డిస్క్‌లోంచి కావలసినవన్నీ బయట ఒకచోట కాపీ చేసుకోండి. షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, వెనక మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఎం.2 కార్డుని ఏటవాలుగా స్లాట్‌లోకి తోసి, నెమ్మదిగా కిందికి వంచి, చివర ఉన్న చిన్న స్క్రూ బిగించాలి. నాట్చ్ కుదరకపోతే బలవంతం చెయ్యకండి, అది వేరే రకం అని అర్థం. బయోస్‌లో డ్రైవ్ కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. కొత్త ఇంటెల్ లాప్‌టాప్‌లలో విండోస్ ఇన్‌స్టాలర్‌కి డ్రైవ్ కనిపించకపోతే కంగారు పడొద్దు. చాలాసార్లు దానికి స్టోరేజ్ డ్రైవర్ అందించాలి, తయారీదారు సైట్‌లో దొరుకుతుంది. పార్టిషన్ జీపీటీ పెట్టుకోండి. ట్రిమ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. మనం ఫైల్ తీసేశామని డ్రైవ్‌కి చెప్పేది అదే. ఆ కబురు అందితేనే డ్రైవ్ ఖాళీ సెల్స్‌ని తీరిగ్గా చెరిపి పెట్టుకుంటుంది. డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లొద్దు. పదో వంతయినా ఖాళీ ఉంచండి, అరుగుదలని అన్ని సెల్స్‌కీ సమానంగా పంచడానికి కంట్రోలర్‌కి ఆ చోటు కావాలి.

ఇంకో మాట ఉంది, అది సెట్టింగ్స్‌లో దొరకదు. మా నాన్నమ్మ తిరగలి పాటలు బాగా పాడేది. ఆవిడ ఉండగా మా బాబాయి ఫోన్‌లో రికార్డ్ చేసి, ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, భద్రంగా ఇనప బీరువాలో పెట్టారు. పెన్‌డ్రైవ్ అంటే అదీ ఫ్లాషే. మా పల్నాడు ఎండల్లో ఆ బీరువాని మధ్యాహ్నం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. నాలుగేళ్ల తర్వాత, నాన్నమ్మ పోయాక, మొన్న వేసవిలో తీసి చూస్తే ఫైళ్ల పేర్లన్నీ ఉన్నాయి, పాటలు సగమే వినిపించాయి. చవక కంట్రోలర్ పాడైందో, ఎలక్ట్రాన్లే జారిపోయాయో నేను తేల్చి చెప్పలేను. కానీ కరెంటు లేకుండా పడి ఉన్న ఫ్లాష్ శాశ్వతం కాదన్నది ఖాయం, వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా కారుతుంది. మామూలు కంప్యూటర్ ఎస్‌ఎస్‌డీలకి జెడెక్ పెట్టిన ప్రమాణం ఏమిటంటే, హామీ ఇచ్చినంత మేరా రాసేశాక, 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఏడాది పాటు డేటా నిలవాలి. కొత్త డ్రైవ్ అంతకన్నా చాలా ఎక్కువ కాలమే నిలుపుకుంటుంది. అయినా ఒకే చోట పెట్టి తాళం వేస్తే భద్రం అనుకోవడం తప్పు. పోకూడనిది ఏదైనా రెండు మూడు చోట్ల ఉండాలి, అప్పుడప్పుడు తెరిచి చూస్తూ ఉండాలి.

మళ్లీ కాంగ్ దగ్గరికి వస్తే, ఆయన బెల్ ల్యాబ్స్‌లో దాదాపు 29 ఏళ్లు పని చేశారు. వెలుగునిచ్చే పల్చటి పొరల మీద, చార్జ్ కపుల్డ్ డివైసెస్ మీద పరిశోధన చేశారు. 1975లో ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ ఆయనకి స్టువర్ట్ బాలంటైన్ పతకం ఇచ్చింది. 1988లో బెల్ నుంచి రిటైరై, ప్రిన్స్‌టన్‌లో ఎన్‌ఈసీ కొత్తగా పెట్టిన పరిశోధన సంస్థకి మొదటి అధ్యక్షుడయ్యారు. ఎన్‌ఈసీ జపాన్ కంపెనీ. తన ఊరి పేరునే మార్చేసిన దేశపు సంస్థని, పెద్దయ్యాక అమెరికాలో నిలబెట్టారు. దాని గురించి ఆయన మనసులో ఏముందో నాకు తెలీదు, నేను ఊహించి రాయను.

1991లో సన్‌డిస్క్ అనే చిన్న కంపెనీ, తర్వాత శాన్‌డిస్క్ అయ్యింది, ఫ్లాష్‌తో చేసిన ఎస్‌ఎస్‌డీని ఐబీఎంకి అమ్మింది. దాని సైజు 20 ఎంబీ, ధర దాదాపు 1,000 డాలర్లు. ఇవాళ్టి మన వాట్సాప్ వీడియోలు రెండు మూడు పట్టేంత. ఆ మరుసటి ఏడాది, 1992 మే 13న, ఒక సదస్సు నుంచి ఇంటికి తిరిగొస్తుండగా కాంగ్‌కి గుండె నుంచి వచ్చే ప్రధాన రక్తనాళం చిట్లింది. అత్యవసర ఆపరేషన్ చేసినా దక్కలేదు. ఆయనకి 61 ఏళ్లు నిండి అప్పటికి తొమ్మిది రోజులే. భార్య, ఐదుగురు పిల్లలు ఉన్నారు. పెన్‌డ్రైవ్‌ని, స్మార్ట్‌ఫోన్‌ని ఆయన చూడలేదు.

2000లో ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ కనిపెట్టినందుకు జాక్ కిల్బీకి నోబెల్ వచ్చింది. మాస్‌ఫెట్‌కి, ఫ్లోటింగ్ గేట్‌కి రాలేదు. పోయినవాళ్లకి నోబెల్ ఇవ్వరు కాబట్టి కాంగ్‌కి ఇక రాదు కూడా. 2009లో అమెరికాలోని నేషనల్ ఇన్వెంటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో కాంగ్, అటల్లా ఇద్దరి పేర్లూ చేర్చారు. మాస్‌ఫెట్ చేసి దాదాపు 50 ఏళ్లు గడిచాక. కొరియాలో సెమీకండక్టర్ సదస్సు వాళ్లు ఆయన పేరు మీద అవార్డు ఇస్తున్నారు. ప్రపంచంలో నాండ్ ఫ్లాష్ ఎక్కువగా తయారు చేసే కంపెనీల్లో రెండు, శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, ఆయన పుట్టిన దేశానివే.

గుర్తుంచుకోవడం ఎలాగో యంత్రాలకి నేర్పిన మనిషిని మనుషులు మర్చిపోవడం విచిత్రమే. కానీ ఆయన సూత్రంలోనే దీనికి జవాబు ఉంది. గదిలో పెట్టిన ఎలక్ట్రాన్ దానంతటది కలకాలం ఉండదు. కొన్నాళ్లకి చదివి, సరిచూసి, మళ్లీ రాయాలి. మంచి కంట్రోలర్ ఉన్న డ్రైవ్ చేసే పని అదే. పేర్ల విషయంలో ఆ పని మనం చెయ్యాలి. ఈసారి ఎవరైనా జూనియర్ ఏ ఎస్‌ఎస్‌డీ కొనాలి అన్నా అని అడిగితే, స్లాట్ చూసుకోమని, టీఎల్‌సీ చూసుకోమని, బ్యాకప్ పెట్టుకోమని చెప్పండి. దాంతోపాటు డావన్ కాంగ్ పేరు కూడా ఒకసారి చెప్పండి.